దుంగల లారీ కట్లు విప్పకముందే క్రేన్ పట్టు ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల వంటి పట్టణాల శివార్లలోని కోత మిల్లులకు, కలప అడితీలకు వచ్చే లారీల నుంచి దుంగలు దించడానికి ఒకప్పుడు గడ్డపారలే ఆధారం. ఇప్పుడు చాలాచోట్ల హైడ్రా క్రేన్లు, జేసీబీలు ఆ పని చేస్తున్నాయి. హమాలీల నడుములకు ఇది మేలు చేసిన మార్పే. అయితే యంత్రం వచ్చింది కనుక ప్రమాదం తొలగిపోయిందన్న ధీమా కూడా దానితోపాటే వచ్చింది. నిజానికి దుంగల లారీ దగ్గర అన్నిటికంటే గండమైన ఘడియ క్రేన్ బరువెత్తేటప్పటిది కాదు, అంతకుముందు మోకులూ గొలుసులూ విప్పేటప్పటిది.

లోడు చేసినచోట బిగించిన కట్టు దారిపొడవునా గుంతల్లో కుదుపులు తిన్న తరువాత అలాగే ఉండదు. దుంగలు సర్దుకుంటాయి, బెరడు ఊడి జారుడు పెరుగుతుంది, పైవరుస ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరిగిన బరువంతా పక్క గుంజల మీదా, బిగువు మిగిలిన ఒకటి రెండు కట్ల మీదా పడుతుంది. బయటినుంచి చూసేవారికి మాత్రం లోడు కుదురుగానే కనిపిస్తుంది. రెండడుగుల అడ్డకొలత, పదడుగుల పొడవు ఉన్న పచ్చి దుంగ ఒక్కటే ఇంచుమించు 800 కిలోలు తూగుతుంది. చివరి ముడి వీడిన క్షణంలో అది దొర్లితే, లారీ పక్కన నిలబడి ముడి విప్పుతున్న మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు.

అమెరికాలోని కలప పనుల భద్రతా నిబంధనలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. దుంగలు దొర్లకుండా దించే యంత్రపు తాళ్లో, అంతటి రక్షణ ఇచ్చే మరో ఏర్పాటో అమరేదాకా లోడు మీది కట్టును తీయకూడదన్నది అక్కడి నియమం. మన అడితీల్లో జరిగేది దీనికి తలకిందులు. క్రేన్ అద్దె గంటల లెక్కన పడుతుంది కాబట్టి, అది వచ్చేలోగా కట్లన్నీ విప్పి సిద్ధంగా ఉంచమనడం రివాజయింది. ఇది నిర్లక్ష్యం కన్నా లెక్క చూసుకోవడమే అని నా అభిప్రాయం. అందుకే జాగ్రత్తగా ఉండండని గోడ మీద రాసినంత మాత్రాన ఇది మారదు.

క్రేన్ వచ్చిన తరువాతి పని గురించి కూడా కొంత చెప్పాలి. రెండు పాయల గొలుసుతో దుంగను ఎత్తేటప్పుడు పాయల మధ్య కోణం 120 డిగ్రీలకు విచ్చుకుంటే, ఒక్కో పాయ మీద దుంగ మొత్తం బరువుకు సమానమైన లాగుడు పడుతుంది. కోణం 60 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే అది బరువులో 60 శాతానికి లోపే ఉంటుంది. పొడవు చాలని గొలుసును సాగదీసి తగిలించేవారికి ఈ తేడా తెలియదు. జేసీబీ బకెట్ పళ్లకు గొలుసు తగిలించి ఎత్తడం మరీ అన్యాయం, ఎందుకంటే ఆ పన్ను మట్టి తవ్వడానికి చేసినదే కాని గొలుసు జారకుండా ఆపే కొక్కెం కాదు. క్రేన్ చెయ్యి సాగేకొద్దీ అది మోయగల బరువు తగ్గిపోతుందన్న సంగతిని కూడా బండి పక్కన రాసిన టన్నుల అంకె మరిపిస్తుంది. దుంగలు దించుతున్నంతసేపు లారీ డ్రైవరు క్యాబిన్లో కునుకు తీయకుండా, కిందికి దిగి, క్రేన్ ఆపరేటరు కంటికి ఆనేంత దూరంలో నిలబడాలి. ఇక 11 కేవీ తీగల కింద దింపుడు పెట్టుకునే అడితీల గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఎత్తే గొలుసులను, తాళ్లను 12 నెలలకు ఒకసారైనా అర్హత గల వ్యక్తి పరీక్షించాలని 1948 నాటి కర్మాగారాల చట్టం 29వ సెక్షన్ చెప్పింది. కరెంటుతో పని నడిచేచోట 10 మంది పనివారుంటే దానిని కర్మాగారంగా ఆ చట్టం లెక్కించింది. 2020లో వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. నలుగురైదుగురితో నడిచే మన చిన్న కోత మిల్లులు ఈ రెండు లెక్కల్లోకీ రావు. అయితే కోత మిల్లు ఎంత చిన్నదైనా అటవీ శాఖ లైసెన్సు లేకుండా నడవదు. లైసెన్సు పునరుద్ధరించే సమయంలో కలప నిల్వల రిజిస్టరుతోపాటు లారీ నిలిపే నేల చదునుగా ఉన్నదా, పైన తీగలున్నాయా, గొలుసుల మీద మోయగల బరువు రాసి ఉన్నదా అని కూడా చూడాలని అటవీ శాఖ అధికారులను కోరుతున్నాను.

అద్దె సంగతి మాత్రం అధికారుల చేతిలో లేదు. క్రేన్ యజమానులు, అడితీదారులు, హమాలీ సంఘాల పెద్దలు ఒకచోట కూర్చుని, అద్దెను గంటకు ఇంత అని కాక లోడుకు ఇంత అని మాట్లాడుకోవాలి. అలా చేస్తే క్రేన్ వచ్చి దుంగలను పట్టుకునేదాకా కట్లు విప్పకుండా ఆగడం వల్ల ఎవరి జేబుకూ చిల్లు పడదు.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ బోధకుడు,
నల్లగొండ