స్టీవ్ ఆల్బినీ గారి గుర్తుగా మా ఊరి చెక్కభజన రికార్డింగ్: తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. గుత్తి దగ్గర మా పల్లె భజన మందిరంలో పెట్టుకున్న చెక్కభజన రికార్డింగ్ పూర్తయింది, మిక్సింగ్ కూడా అయిపోయి పాటలు బృందం చేతికి ఇచ్చేశాం. ఈ పనిలో చేయి వేసిన వాళ్ళలో చాలామంది తమ పేరు రాయొద్దన్నారు, అందుకే పేర్లు లేకుండానే రాస్తున్నాను. ఎవరి గురించి అంటున్నానో ఎవరికి వాళ్ళకు తెలుస్తుంది.

ముందు ఇది ఎవరి గుర్తుగా చేశామో చెప్పాలి, మందిరం గోడకు అంటించిన ఫొటో చూసి ఈ కళ్ళద్దాలాయన ఎవరప్పా అని ఊళ్ళో ప్రతి ఒక్కరూ అడిగారు కాబట్టి. ఆయన స్టీవ్ ఆల్బినీ. అమెరికాలోని షికాగోలో ఎలక్ట్రికల్ ఆడియో అనే రికార్డింగ్ స్టూడియో నడిపేవారు. 2024 మే 7న గుండెపోటుతో ఉన్నట్టుండి పోయారు, వయసు 61 ఏళ్ళే. ఆయన బ్యాండ్ షెల్లాక్ కొత్త ఆల్బమ్ అప్పటికే విడుదలకు సిద్ధంగా ఉంది, సరిగ్గా పది రోజులకు మే 17న అది బయటికొచ్చింది, వినడానికి ఆయన లేరు.

రాక్ సంగీతంలో పేరున్న పిక్సీస్, పీజే హార్వీ, నిర్వాణా, ఇంకా పేరు కూడా ఎవరూ వినని ఎన్నో చిన్న బ్యాండ్లు ఆయన దగ్గర రికార్డ్ చేసుకున్నాయి. లోకమంతా ఆయన్ని గొప్ప ప్రొడ్యూసర్ అన్నా, పాట ఎలా ఉండాలో చెప్పాల్సింది పాడేవాళ్ళే, నా పని దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవడమే అనేది ఆయన పద్ధతి. 1993లో వచ్చిన ‘ఇన్ యుటెరో’ ఆల్బమ్ కోసం నిర్వాణా వాళ్ళు పిలిచినప్పుడు ముందుగానే వాళ్ళకొక లేఖ రాశారు: అమ్మకాల్లో వాటా నాకొద్దు, ప్లంబర్‌కి ఇచ్చినట్టు చేసిన పనికి డబ్బులివ్వండి చాలు అని. అప్పటికి ప్రపంచమంతా ఊగిపోతున్న బ్యాండ్ అది, ఊ అంటే లక్షల డాలర్ల వాటా వచ్చేది, అయినా బ్యాండ్ పాటల మీద తాను జీవితాంతం తినడం తప్పనుకున్నారు. అదే ఏడాది సంగీతం వ్యాపారం గురించి ఒక వ్యాసం రాసి, అందులో ఒక బ్యాండ్ లెక్క పైసాతో సహా వేసి చూపించారు. రికార్డు కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టిన బ్యాండ్ రెండున్నర లక్షల కాపీలు అమ్మితే కంపెనీకి 7,10,000 డాలర్లు మిగిలాయి, పాడి వాయించిన వాళ్ళకు తలా 4,031 డాలర్లు. ఎవరో అమెరికా బ్యాండ్ సంగతి మనకెందుకు అనుకోవచ్చు. మా చెక్కభజన బృందానికి జరిగింది అచ్చంగా ఇదే. కొన్నేళ్ళ కిందట ఒక కంపెనీ వాళ్ళు వచ్చి రికార్డ్ చేసుకుని పోయారు, ఏదో కాగితం మీద గురువు గారి సంతకం తీసుకున్నారు, ఇప్పుడు ఆ పాటలు వీళ్ళే ఎక్కడైనా పెడితే హక్కులు మావని తీయించేస్తున్నారు. ఆ రికార్డింగ్ వింటే ఇంకా బాధ, అడుగుల చప్పుడు లేదు, చెక్కల బదులు కీబోర్డు రిథమ్, గొంతు మీద బకెట్లతో పోసినట్టు ఎకో.

చెక్కభజన చూసినవాళ్ళకు తెలుసు, గురువు మధ్యలో నిలబడి పాట ఎత్తుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుంటారు, చెక్కల మోత, గజ్జెలు, నేల మీద పడే అడుగు అన్నీ కలిస్తేనే అది పాట. ఒక్కొక్కరినీ అద్దాల గదిలో నిలబెట్టి హెడ్‌ఫోన్లు తగిలిస్తే ఏం మిగులుతుంది? ఆల్బినీ గారు బ్యాండ్ మొత్తాన్నీ ఒకేసారి వాయించమనేవారు, గది శబ్దం కోసం డ్రమ్స్‌కి దూరంగా నేల మీద కూడా మైకులు పెట్టేవారు, ఏ మైకు ఎక్కడ ఎందుకు పెట్టారో అడిగిన వాళ్ళందరికీ దాచుకోకుండా చెప్పేవారు. తన స్టూడియో గోడలు మట్టి ఇటుకలతో కట్టించారని చదివినప్పుడు నాకు మన మట్టిమిద్దెల్లో మాట ఎంత నిండుగా వినిపిస్తుందో గుర్తొచ్చింది. నాకు ఈ పని నేర్పింది అనంతపురంలో ఏ ఇన్‌స్టిట్యూటూ కాదు, ఆయన మాట్లాడిన వీడియోలే. కుర్రతనంలో ఆయన నోటి దురుసుతో చాలామందిని నొప్పించారు, అదీ నిజమే, తర్వాత అది తప్పేనని అందరి ముందూ ఒప్పుకున్నారు. అలా ఒప్పుకున్నందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఇక అసలు విషయం. మే నెల మొదట్లో జిల్లాలో ఒక్క మైకు స్టాండు ఖాళీ లేదు, అంతా ఎన్నికల ప్రచారంలోనే. మే 13న పోలింగ్ అయిపోగానే, నిద్ర కూడా సరిగా పోకుండా, స్టాండ్లు, కేబుళ్ళు, ఇన్వర్టర్ ఆటోలో వేసుకుని వచ్చిన సౌండ్ సిస్టమ్స్ అన్నకు ముందుగా దండాలు. అద్దె తీసుకోనంటే తీసుకోనన్నాడు, డీజిల్ ఖర్చు ఇవ్వడానికే బతిమాలాల్సి వచ్చింది. మంచి మైకులు బెంగళూరులో అద్దెకు తీసుకుని, రాత్రి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మా ఊరి తమ్ముళ్ళకు, సెలవులో ఇంటికొచ్చి కూడా రెండు పూటలు కేబుళ్ళు చుట్టిన మీ ఓపికకు థాంక్స్. కరెంటు ఎప్పుడు పోతుందో ముందే ఫోన్ చేసి చెప్పిన లైన్‌మన్ మామ లేకపోతే సగం పాటలు మధ్యలోనే ఆగిపోయేవి.

ఆ ఎండల్లో ఫ్యాన్లు ఆపేసి పాడమంటే ఒక్కరూ విసుక్కోలేదు. నాపరాళ్ళ మీద చెప్పుల్లేకుండా, ఆడిన పాటే మళ్ళీ ఆడి, చెమటతో చెక్కలు జారిపోతుంటే పంచె అంచుకు తుడుచుకుని మళ్ళీ వరుసలో నిలబడ్డారు. బృందంలో అందరికంటే పెద్దాయన డెబ్బై దాటినవాడు, చిన్నవాడు ఏడో తరగతి. మొదటి పాట అయ్యాక అందరం కూర్చుని విన్నప్పుడు గురువు గారు “మా కాళ్ళ సప్పుడు గూడా ఇనపడతాంది గదప్పా” అన్నారు, నాకు దక్కిన జీతం అదే అనుకున్నాను. ఒక పాట చివర్లో గూడ్సు బండి హారన్ పడింది. తీసేయనా అని అడిగితే ఉంచమన్నారు, ఉంచాను.

పొద్దున్నే ఉగ్గాని, బజ్జి పంపిన హోటల్ అక్కకు, కుండలతో మజ్జిగ మోసిన అవ్వలకు, రికార్డింగ్ అయ్యేదాకా పిల్లల్ని రచ్చకట్ట దగ్గర కథలతో కూర్చోబెట్టిన టీచరమ్మకు మా బృందం అంతా రుణపడి ఉంటుంది. పక్క పొలంలో బోరు మోటారు ఆపేసి, తడి పెట్టుకునే పని సాయంత్రానికి వాయిదా వేసుకున్న రైతు చిన్నాన్నకూ అంతే. ఆ మోటారు మోగుతుంటే మేం ఏమీ చేయలేకపోయేవాళ్ళం.

నేను తీసుకుంది రోజు కూలి మాత్రమే, అది కూడా బృందమే ఇచ్చింది, తీసుకోకపోతే మాకు మర్యాద కాదన్నారు. పాటల మీద హక్కులన్నీ వాళ్ళవే. వకీలు అన్న ఒకరు తెలుగులో, గురువు గారు స్వయంగా చదువుకునేలా, ఒకే పేజీలో కాగితం రాసిచ్చారు, ఫీజు అడగలేదు. పాత పాటల హక్కుల సంగతి కూడా ఆయనే చూస్తానన్నారు.

పాటలు కావాల్సినవాళ్ళు నన్ను కాకుండా బృందాన్నే అడగండి, పెన్‌డ్రైవ్‌లో వేసిస్తారు, ఇచ్చే డబ్బులు కూడా వాళ్ళకే ఇవ్వండి. పండగలకు, జాతరలకు పిలవాలనుకున్నా అంతే. సౌండ్ అన్నా, నీ స్టాండ్లు, పొడుగు కేబుల్ ఇంకా నా దగ్గరే ఉన్నాయి, ఆదివారం గుత్తికి తెచ్చిస్తాను.