ఏడు కుర్చీల్లో రాష్ట్రాలది ఒకటి: అమెరికా ఈపీఏ అడ్మినిస్ట్రేటర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఈపీఏ (పర్యావరణ పరిరక్షణ సంస్థ) అడ్మినిస్ట్రేటర్ గారికి,

గాలి ప్రమాణాల మీద మీకు సలహా ఇచ్చే కమిటీలో ఏడు కుర్చీలుంటాయి. క్లీన్ ఎయిర్ సైంటిఫిక్ అడ్వైజరీ కమిటీ అన్న పూర్తి పేరు ఎవరూ వాడరు, అందరూ కాసాక్ అంటారు. ఆ ఏడింటిలో మూడు కుర్చీలు ఎవరివో 1977 సవరణల్లోనే గాలి చట్టం (క్లీన్ ఎయిర్ యాక్ట్) రాసిపెట్టింది. నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సభ్యుడు ఒకరు, డాక్టరు ఒకరు, రాష్ట్రాల వాయు కాలుష్య నియంత్రణ ఏజెన్సీల తరఫు మనిషి ఒకరు, కనీసం ఈ ముగ్గురూ ఉండి తీరాలి. ఈ మూడో కుర్చీ గురించే ఈ లేఖ.

మీరు తెలుగు చదవరని తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. ఈ దేశంలో లక్షల మంది తెలుగువాళ్లం ఇళ్లు కొనుక్కుని, పిల్లల్ని పెంచుకుంటూ, ఓట్లు వేస్తున్నాం. స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగ్ గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం గానీ, పీల్చే గాలికి హద్దు ఎవరు గీస్తారో మాలో చాలామందికి తెలియదు. మావాళ్లు చదివితే ఈ లేఖకు సగం పని అయినట్టే. మిగతా సగానికి అనువాదకులు మీ దగ్గరే ఉంటారు.

నేను ఉండేది పిట్స్‌బర్గ్ శివార్లలో. తెలుగువాళ్లకు పిట్స్‌బర్గ్ అనగానే పెన్ హిల్స్ కొండ మీద 1976లో కట్టిన వేంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. ఆ కొండకు దక్షిణాన మొనొంగహేలా నది లోయ ఉంది. ఉక్కు మిల్లుల కోసం బొగ్గును కోక్‌గా మార్చే క్లెయిర్టన్ కర్మాగారం ఆ లోయలోనే ఉంది, అలాంటివాటిలో దేశంలోకెల్లా పెద్దది. ఇంకా ఎగువకు పోతే డొనోరా. 1948 అక్టోబరు చివర్లో అక్కడ చల్లగాలి లోయ అడుగున చిక్కుకుపోయి, జింక్ కర్మాగారం పొగ, ఉక్కు మిల్లు పొగ కదలకుండా రోజుల తరబడి నిలిచిపోయాయి. ఇరవై మంది చనిపోయారు, వేల మంది జబ్బుపడ్డారు. అమెరికాలో గాలి చట్టాల చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది కథను డొనోరాతోనే మొదలుపెడతారు. అలా చల్లగాలి చిక్కుకుపోయే ఉదయాలు ఈ లోయలో ఇప్పటికీ మామూలే.

అందుకే ఇక్కడివాళ్లకు ఒక సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. ముహూర్తం పెట్టేది వాషింగ్టన్, పందిరి వేసేది రాష్ట్రం. చట్టం ప్రకారం జాతీయ ప్రమాణం మీరు నిర్ణయిస్తారు, దాన్ని అయిదేళ్లకోసారి తిరిగి చూడాలి. ఆ తర్వాత పని రాష్ట్రాలది. ఏ కౌంటీ ప్రమాణం లోపల ఉంది, ఏది దాటింది అని గవర్నర్లు సిఫార్సు పంపాలి. అమలు ప్రణాళిక రాయాలి. పర్మిట్లు ఇవ్వాలి, మానిటర్లు నడపాలి, ఇన్‌స్పెక్టర్లను పంపాలి. మా అలెగెనీ కౌంటీలో అయితే ఇందులో చాలా పని రాష్ట్రం కూడా చేయదు, కౌంటీ ఆరోగ్య శాఖే చేస్తుంది. పిట్స్‌బర్గ్ నగరం పొగ మీద ఆర్డినెన్స్ చేసింది 1941లో. మీ సంస్థ పుట్టింది 1970లో. ఆ కొంచెం గర్వం మాకు ఉండనివ్వండి.

ఇంత పని చేసేవాళ్లకు సలహా కమిటీలో ఒక కుర్చీ ఉండటం న్యాయమే. అయితే ఆ కుర్చీలో కూర్చునే మనిషి ఏం తెలిసి ఉండాలి? నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది.

2017 అక్టోబరులో అప్పటి అడ్మినిస్ట్రేటర్ స్కాట్ ప్రూయిట్ ఒక ఆదేశం ఇచ్చారు. ఈపీఏ గ్రాంటు తీసుకునే శాస్త్రవేత్తలు ఈపీఏ సలహా కమిటీల్లో ఉండకూడదన్నారు, స్వతంత్రత దెబ్బతింటుందట. కానీ ఈపీఏ నుంచే గ్రాంట్లు తీసుకునే రాష్ట్ర, స్థానిక ఏజెన్సీలకు మాత్రం మినహాయింపు. అదే డబ్బు యూనివర్సిటీకి పోతే తప్పు, రాష్ట్ర ఏజెన్సీకి పోతే ఒప్పు! 2020లో రెండు కోర్టులు ఆ ఆదేశాన్ని తప్పుపట్టాయి. ఈలోపు జరగాల్సింది జరిగిపోయింది. 2018 అక్టోబరు నాటికి కాసాక్‌లో ఏడుగురికి నలుగురు రాష్ట్ర, స్థానిక ఏజెన్సీల వాళ్లే: జార్జియా, టెక్సాస్, యూటా, అలబామాలోని జెఫర్సన్ కౌంటీ. అదే నెలలో, సన్నటి ధూళి కణాల మీద కాసాక్‌కు తోడుగా ఉండే నిపుణుల ప్యానెల్‌ను రద్దు చేశారు.

ఆ నలుగురూ చదువుకున్నవాళ్లు, వాళ్ల పనిలో దిట్టలు. వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. మోడలింగ్ తెలిసినవాళ్లు, విషశాస్త్రం తెలిసినవాళ్లు అందులో ఉన్నారు. కానీ పీఎం 2.5, అంటే ఆ సన్నటి ధూళి, ఎంత ఉంటే ఎంతమంది గుండెపోటుతో పోతారు అన్న ప్రశ్నకు జవాబు దశాబ్దాల ఎపిడెమియాలజీ అధ్యయనాల్లో, అంటే జనంలో జబ్బుల లెక్క తీసే అధ్యయనాల్లో ఉంటుంది. ఆ కమిటీలో ఎపిడెమియాలజిస్టు లేరు. ఈ లోటు బయటివాళ్లే కాదు, కమిటీ కూడా చెప్పింది. మాకు ఇంకా నైపుణ్యం కావాలి, ప్యానెల్‌ను మళ్లీ వేయండి అని 2019 ఏప్రిల్‌లో అడ్మినిస్ట్రేటర్‌కు రాసింది. ప్యానెల్ ఇవ్వలేదు. అడిగిన ప్రశ్నకు కాగితం మీద జవాబు రాసిచ్చే కన్సల్టెంట్లను ఇచ్చారు. రద్దయిన ప్యానెల్ సభ్యులు ఆ అక్టోబరులో తమంతట తామే సమావేశమై, వార్షిక ప్రమాణం ఘనమీటరుకు 8 నుంచి 10 మైక్రోగ్రాముల మధ్య ఉండాలన్నారు. కాసాక్‌లో ఎక్కువమంది, అప్పటికే అమల్లో ఉన్న 12 చాలన్నారు. 2020 డిసెంబరులో 12నే ఖాయం చేశారు.

2021 మార్చిలో తర్వాతి అడ్మినిస్ట్రేటర్ మైకేల్ రీగన్ వచ్చి మొత్తం కమిటీని తీసేశారు. ఆయన పార్టీ వేరని ఆ పద్ధతి నాకు నచ్చిందనుకోకండి. కొత్త కమిటీలో రాష్ట్రాల కుర్చీ జార్జియా మనిషికే మళ్లీ దక్కింది. మిగతా కుర్చీల్లో ఎక్కువవాటిలోకి ఆరోగ్య పరిశోధకులు వచ్చారు. 2022లో ఎక్కువమంది 8 నుంచి 10 మధ్య అన్నారు, 10 నుంచి 11 అన్న మాట కూడా రికార్డులో ఉంది. 2024 ఫిబ్రవరి 7న 9 అని నిర్ణయమైంది. 2025 జనవరి 28న మళ్లీ అందరినీ పంపించేశారు. అదే ఏడాది నవంబరులో మీ సంస్థే కోర్టుకు వెళ్లి ఆ 9ని కొట్టేయమంది. చట్టం కోరినంత లోతుగా సమీక్ష జరగలేదన్నది మీ వాదన. సరే, జరగలేదనే అనుకుందాం. లోతుగా సమీక్షించడానికి చట్టం చూపించిన దారి ఆ కమిటీయే కదా! దాన్ని ఇంటికి పంపి, సమీక్ష చాల్లేదని జడ్జీల దగ్గరికి పోతే మేమేం అనుకోవాలి?

ఇక రాష్ట్రాల మాట. కెంటకీ, వెస్ట్ వర్జీనియా ముందుండి 24 రాష్ట్రాలు ఈ 9 మీద కేసు వేశాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటివి దాన్ని సమర్థించాయి. మరి రాష్ట్రాల మాట అంటే ఎవరి మాట? కేసులు వేసేది అటార్నీ జనరళ్లు, వాళ్లలో ఎక్కువమంది ఎన్నికల్లో నిలబడేవాళ్లు. మానిటర్ ఫిల్టర్ మార్చేవాళ్లు, డేటా సరిచూసేవాళ్లు ఏజెన్సీల్లో ఉంటారు. ఏజెన్సీలకు కూడా ఇప్పుడు జాతీయ స్థాయిలో రెండు సంఘాలున్నాయి, ఒకటి నాకా (నేషనల్ అసోసియేషన్ ఆఫ్ క్లీన్ ఎయిర్ ఏజెన్సీస్), ఇంకోటి ఆప్కా (అసోసియేషన్ ఆఫ్ ఎయిర్ పొల్యూషన్ కంట్రోల్ ఏజెన్సీస్). రెండూ ఒకే మాట మీద ఉండటం తక్కువ. కాబట్టి కాసాక్‌లో రాష్ట్రాల మనిషి యాభై రాష్ట్రాల రాజకీయాన్ని మోసుకురాలేడు, తేవాలని అడగకూడదు కూడా. అతను తేవాల్సింది ప్రయోగశాలలో కూర్చున్నవాళ్లకు అందని సంగతులు. కెనడా కార్చిచ్చు పొగ 2023 జూన్‌లో మానిటర్లను ముంచెత్తినప్పుడు ఆ రోజుల్ని లెక్కలోంచి తీయడానికి ఎంత కాగితం పని పడిందో, పక్క రాష్ట్రం నుంచి వచ్చే పొగను మన ఖాతాలో రాస్తే ఏమవుతుందో, లోయలో ఒకే ఒక్క మానిటర్ ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి ఊళ్లకు ఊళ్లు పాసో ఫెయిలో ఎలా అవుతాయో అతనికి తెలుస్తుంది.

ఖర్చు సంగతి ఎత్తకపోతే మీరే ఎత్తుతారు. రాష్ట్రాలు కమిటీలో ఎక్కువమంది కావాలనడం వెనక తరచూ ఉండే మాట, ఇంత కఠినమైన ప్రమాణాన్ని అందుకోవడం మా వల్ల కాదు అని. ఆ బాధ నిజమే కావచ్చు. కానీ ప్రమాణం నిర్ణయించేటప్పుడు ఖర్చు చూడటానికి వీల్లేదని 2001లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది, ఆ తీర్పు రాసింది జస్టిస్ స్కాలియా. ఆయన పర్యావరణవాది అని ఎవరూ అనరు. ఖర్చును గడప దగ్గరే ఆపితే అది సైన్స్ వేషం వేసుకుని లోపలికొస్తుంది. అనిశ్చితి ఎక్కువ, ఆధారాలు చాలవు, ఇంకా చూద్దాం అని మాట్లాడుతుంది. అందరూ అలా అంటారని కాదు. కానీ ఆ టెన్షన్ ఆ కుర్చీలో ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే రేపు ఆ ప్రమాణాన్ని అమలు చేసి మాటలు పడాల్సింది కూర్చున్న మనిషే.

దీనికి విరుగుడు చట్టంలోనే ఉంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. సెక్షన్ 109లో కమిటీకి ఇంకో పని కూడా అప్పజెప్పారు. ప్రమాణాన్ని అందుకునే రకరకాల దారుల వల్ల ఆరోగ్యం, సమాజం, ఆర్థికం, ఇంధనం మీద పడే చెడు ప్రభావాలేమిటో మీకు చెప్పాలి. రాష్ట్రాల అనుభవం పూర్తిగా పనికొచ్చే చోటు ఇదే. ప్రమాణం ఎంత అన్న సలహా ఒక ఫైలు, దాన్ని ఎలా అందుకోవాలి అన్న సలహా ఇంకో ఫైలు. రెండో దానికి రాష్ట్ర, కౌంటీ, గిరిజన ఏజెన్సీల వాళ్లను ఎంతమందినైనా పిలవండి, ఖర్చు గురించి బాహాటంగా మాట్లాడనివ్వండి. మొదటి ఫైలులో మాత్రం రాష్ట్రాల కుర్చీ ఒకటి చాలు. చట్టం కనీసం ఒకటి అంది కాబట్టి నాలుగు పెట్టినా తప్పు కాదని మీ లాయర్లు చెప్పొచ్చు. కుర్చీలు ఏడే. ఇక్కడ ఒకటి పెరిగితే వేరేచోట ఒక డాక్టరో ఎపిడెమియాలజిస్టో తగ్గుతారు.

స్థానిక ఏజెన్సీలంటే నాకు గుడ్డి నమ్మకమేమీ లేదు. 2018 డిసెంబరు 24న క్లెయిర్టన్ కర్మాగారంలో మంటలు లేచి, గ్యాసులోంచి గంధకం తీసే ఏర్పాటు పాడైంది. కౌంటీ ప్రజలకు హెచ్చరిక ఇచ్చింది జనవరి 9న. రెండు వారాల పైమాటే. 2025 ఆగస్టు 11న అక్కడే పేలుడు జరిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. సిబ్బంది, మానిటర్లు, రాత్రిపూట ఫోన్ ఎత్తే మనిషి, ఇవన్నీ ఉంటేనే ప్రమాణం ఊళ్లో పనిచేస్తుంది. రాష్ట్రాల పాత్ర పెంచుతాం అంటూ సెక్షన్ 105 కింద ఏజెన్సీలకు ఇచ్చే గ్రాంట్లకు కోత పెడితే ఆ రెండు మాటలూ కలవవు.

మావాళ్ల కోసం పక్కగా ఒక మాట చెబుతాను. ఇండియాలో కూడా ఇదే చిక్కు ఉంది. 1974 నాటి నీటి చట్టం ప్రకారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిలో రాష్ట్ర బోర్డుల నుంచి అయిదుగురి దాకా ఉండొచ్చు, వాళ్లను ఎంపిక చేసేది మాత్రం కేంద్రమే. అక్కడ పీఎం 2.5 వార్షిక ప్రమాణం 2009 నుంచీ 40 మైక్రోగ్రాములు. విశాఖలోనో పటాన్‌చెరులోనో మానిటర్ నడిపే బోర్డు ఇంజనీరు ఆ అంకె గురించి ఏమనుకుంటాడో కేంద్రం అడిగిందా అని మన ఎంపీలను అడగొచ్చు.

మిమ్మల్ని అడిగేవి ఎక్కువ లేవు. సన్నటి ధూళికి, ఓజోన్‌కు నిపుణుల ప్యానెళ్లను తిరిగి వేయండి. కమిటీకి మనుషుల్ని ఎంపిక చేసేటప్పుడు ఎవరెవరి పేర్లు వచ్చాయో, రాష్ట్రాల కుర్చీకి ఎవరిని ఎందుకు తీసుకున్నారో అందరికీ కనిపించేలా పెట్టండి. ఫెడరల్ సలహా కమిటీల చట్టం 1972 నుంచీ సమావేశాలు బహిరంగంగా జరగాలని, సభ్యత్వం సమతూకంగా ఉండాలని చెబుతూనే ఉంది. అడ్మినిస్ట్రేటర్ మారగానే అందరినీ ఒకేసారి తీసేయడం మీతోనైనా ఆగాలి, విడతల వారీగా కాలపరిమితి పెట్టండి. ఇంకొకటి, రాష్ట్రాల కుర్చీకి కౌంటీ ఏజెన్సీల వాళ్లనూ ఒక దఫా పరిశీలించండి. చట్టంలో రాష్ట్రం అన్న మాటే ఉంది, నిజమే. కానీ జెఫర్సన్ కౌంటీ మనిషి ఇంతకుముందు కమిటీలో కూర్చున్నాడు కాబట్టి కౌంటీ వాళ్లు రావడానికి అడ్డేమీ లేదు.

తర్వాతి కాసాక్ సమావేశంలో ప్రజల మాట వినే సమయం ఇస్తే ఈ లోయ నుంచి వచ్చేవాళ్లున్నారు. తేదీ ముందుగా చెప్పండి, పనికి సెలవు పెట్టుకోవాలి.

ఇట్లు,
మొనొంగహేలా లోయ దగ్గరి ఒక తెలుగు ఓటరు