నాలుగోసారి గాస్కెట్ మార్చే ముందు

కర్నూలు,
ఆదివారం పొద్దున

చిరంజీవి పాపకు నాయన ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. అక్కడ నీ కారు తప్ప మిగతా అంతా బాగుందనే అనుకుంటున్నా. ఇదంతా ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ నేను ఇంజిన్ పొగను పైపులోకి పంపే మేనిఫోల్డ్ దాకా వచ్చేసరికి మీ అమ్మ ఫోన్ లాక్కుని "అన్నం తిన్నావా పాపా" అంటుంది, అక్కణ్ణుంచి మాట మళ్ళీ సైలెన్సర్ మీదికి రాదు. అందుకే కాగితం మీద పెట్టి, ఫోటోలు తీసి పంపుతున్నా. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. ముప్పై ఏళ్ళు స్పానర్ పట్టిన వేళ్ళు పెన్ను మాట వినవు.

నువ్వు పంపిన రెండు ఆడియోలూ పదేసి సార్లు విన్నా. మొదటిది బండి వేడెక్కాక తీసినావు, దాంట్లో ఏమీ దొరకలేదు. రెండోది, రాత్రంతా చలిలో నిలబడిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి తీసినావు చూడు, అదీ పనికొచ్చింది. టిక్ టిక్ టిక్ అని, మీ అమ్మ కుట్టుమిషన్ మెల్లగా తొక్కినట్టు. రెండు నిమిషాలకు తగ్గిపోయింది. అది ఎగ్జాస్ట్ లీకు, అంటే పొగ పోయే దారిలో ఎక్కడో సందు. ఇనుము వేడికి సాగుతుంది, సందు మూసుకుంటుంది, సౌండు పోతుంది. పోయిందని సంబరపడకూడదు. మర్నాడు పొద్దున సందు మళ్ళీ తెరుచుకుంటుంది.

అది లిఫ్టర్ల (ఇంజిన్ లోపల వాల్వులను కదిపే ముక్కల) సౌండ్ అని ఎవరో చెప్పారన్నావు. ఆయన్ని తప్పు పట్టను. నీ మాజ్దా మియాటా కారులో హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి, చల్లగా ఉన్నప్పుడు అవి కూడా ఇట్లే కొట్టుకుంటాయి. కానీ లిఫ్టర్‌కు ఎత్తు, పల్లం తెలియదు, ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే అంత వేగంగా కొడుతుంది, అంతే. ఎగ్జాస్ట్ లీకు లోడ్ పడితే గట్టిగా అరుస్తుంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు సౌండ్ పెరిగిందని నువ్వే రాశావు కదా. ఇంజిన్ కంప్యూటర్ చెకప్‌లో ఏమీ రాలేదు, మైలేజీ మాత్రం పడిపోయింది అన్నావు. అది కూడా అతుకుతుంది. లీకు ఆక్సిజన్ సెన్సర్ కంటే ముందు ఉంటే, పొగ బయటికి పోవడమే కాదు, ఒక్కో దెబ్బకూ దెబ్బకూ మధ్య బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, కంప్యూటర్ పాపం నమ్మి ఎక్కువ పోస్తుంది.

ఆరు నెలల్లో మూడుసార్లు డౌన్‌పైపు (మేనిఫోల్డ్ నుంచి కిందికి దిగే పైపు) జాయింట్ దగ్గర గాస్కెట్, అంటే అతుకులో పొగ కారకుండా పెట్టే పలక, మార్చారు, మూడుసార్లూ మళ్ళీ వచ్చింది. ఇప్పుడు మొత్తం సైలెన్సర్ సెట్టు కొత్తది కొందామా అంటున్నావు. వద్దు. ముందు ఇది విను.

ఇది నీకు ఇంతవరకు చెప్పలేదు. నీకు ఐదారేళ్ళప్పుడు మన షెడ్డుకు ఒక బడిపంతులు, సారు అనేవాళ్ళం, తెల్ల మారుతి 800 తెచ్చేవాడు. సౌండ్ వస్తోందన్నాడు. కింద పడుకుని చూస్తే జాయింట్ దగ్గర నల్లటి మరక. గాస్కెట్ మార్చి డబ్బులు తీసుకున్నా. నెలన్నరకు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ మార్చి సగం డబ్బులు తీసుకున్నా. మూడోసారి డబ్బులు తీసుకోలేదు, ఆయన మొహంలోకి కూడా చూడలేదు. ఆ రోజే మాటల మధ్య సారు అన్నాడు, ఈ కార్లో నంద్యాల పోతే తన భార్యకు దారంతా తలనొప్పి, కడుపులో తిప్పడం అని. బస్సులో పోతే ఏమీ ఉండదట. ఆమెకు కారు పడదనుకుని నిమ్మకాయ వాసన చూపించి, చలిగాలి తగలకుండా అద్దాలు ఎక్కించి పడుకోబెట్టేవాళ్ళట.

నాకు కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. లీకైన పొగ కార్లోకి వస్తోంది. ఆమెకు నిమ్మకాయ కాదు, తెరిచిన కిటికీ కావాలి.

మా గురువు భాయ్‌ని పిలిపించా. అప్పటికే డెబ్బై దాటిన మనిషి. కిందికి వంగను కూడా వంగలేదు. బానెట్ ఎత్తి, నన్ను సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. తొక్కగానే ఇంజిన్ ఎద్దు తల విదిలించినట్టు ఊగింది. ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు ఆయిల్ తాగి మెత్తబడి చీలిపోయి ఉంది. ఇంజిన్ ఊగుతోంది, కింద పైపు ఊగడం లేదు, ఇద్దరి మధ్యా గాస్కెట్ నలిగి చస్తోంది. "గాయానికి కుట్లు వేస్తున్నావు బేటా, పొడిచేవాణ్ణి ఇంట్లోనే పెట్టుకున్నావు" అన్నాడు. మౌంటింగ్ మార్చాం. ఆ గాస్కెట్ తర్వాత నేను చూడలేదు.

అందుకని నీ కారు సంగతిలో నేను గాస్కెట్‌ను అనుమానించను. ఒకే చోట మూడుసార్లు పోయిందంటే దాన్ని ఏదో లాగుతోంది. లేదా అసలు లీకు అక్కడ లేదు, పైన మేనిఫోల్డ్ ఇంజిన్ హెడ్డుకు అతికే చోట ఉంది, సౌండ్ పైపు వెంబడి కిందికి దిగి వినబడుతోంది. నాకు రెండోదే ఎక్కువ అనుమానం. ఎందుకో చెప్తా.

2009 అక్టోబర్ 2 నీకు గుర్తుండే ఉంటుంది, పదకొండేళ్ళు నీకు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చిన రోజు. షెడ్డు మొత్తం మునిగింది. నీళ్ళు తీశాక నెల రోజులు మనం చేసింది బురద కడగడం, ఆయిల్ మార్చడం, సీట్లు ఎండబెట్టడం. ఇంజిన్లు తిరిగాయి, అందరూ సంతోషించారు. ఆరు నెలల తర్వాత మొదలైంది అసలు కథ. ఏ బండి మేనిఫోల్డ్ విప్పబోయినా దాన్ని హెడ్డుకు పట్టి ఉంచే స్టడ్లు తుప్పు పట్టి, స్పానర్ పెడితే చాక్‌పీసుల్లా విరిగేవి. వరద చేసిన పని మనకు వేసవిలో కనబడింది. మీ ఒహాయోలో మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారని చెప్పావు. నీ కారు 1994ది, నీకంటే నాలుగేళ్ళు పెద్ద. అది ఎన్ని చలికాలాలు ఉప్పునీళ్ళు తాగి ఉంటుందో లెక్క వేసుకో. మనకు ఒక్క వరదకే ఆ గతి.

ఇక ఎట్లా వెతకాలో చెప్తా. రాత్రంతా నిలబడి చల్లబడ్డ బండి మీదే చెయ్యి. నీ దగ్గర ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ ఉందిగా, గాలి బయటికి కొట్టే రకమైతే దాని గొట్టాన్ని సైలెన్సర్ చివర పెట్టి చుట్టూ తడిగుడ్డ బిగించు. ఇంజిన్ ఆన్ చెయ్యొద్దు. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు స్ప్రే సీసాలో పోసి, హెడ్డు దగ్గర మొదలుపెట్టి వెనక్కి కొట్టుకుంటూ రా. నురగ ఎక్కడ పొంగితే అక్కడ లీకు. దీనికి మెకానిక్ అక్కర్లేదు, ఓపిక కావాలి. సెల్‌ఫోన్ లైటు వేసి నల్లటి మసి మరకలు కూడా వెతుకు. మసి అబద్ధం చెప్పదు. తర్వాత పైపును చేత్తో పట్టుకుని ఊపు, రబ్బరు హ్యాంగర్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని సాగిపోయాయో చూడు. ఇంజిన్ మౌంటింగ్‌లు కూడా చూపించు.

విప్పే పని మాత్రం నువ్వు పెట్టుకోవద్దు. నీ చేతి మీద నమ్మకం లేక కాదు. హెడ్డు అల్యూమినియం, స్టడ్డు ఉక్కు. తుప్పు పట్టిన స్టడ్డును బలంగా తిప్పితే హెడ్డుతో సమంగా విరుగుతుంది, దాన్ని డ్రిల్లు చేయబోయి హెడ్డులోని మరలు పాడుచేస్తే చిన్న పని పెద్దదవుతుంది. మంచి లేత్ షాపు వాళ్ళు విరిగిన ముక్క మీద నట్టు వెల్డింగ్ చేసి తిప్పుతారు, ఆ వేడికే సగం పని అయిపోతుంది. మేము స్టడ్డును గ్యాసుతో కాల్చి కొవ్వొత్తి తాకించేవాళ్ళం, మైనం కరిగి మరల్లోకి జారేది. ఆయిల్ కంటే అదే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం.

మేనిఫోల్డ్ బయటికి వచ్చాక ఒక మాట తప్పకుండా అడుగు: దాని మీద సమతలం స్కేలు పెట్టి కింద సందు కొలిచే ఫీలర్ గేజ్ దూర్చి చూశారా అని. లోడ్ మీద ఎగ్జాస్ట్ గ్యాసు 700, 800 డిగ్రీలు ఉంటుంది, ముప్పై ఏళ్ళ ఇనుము వంగకుండా ఉంటే ఆశ్చర్యం. వంగితే ఫేసింగ్ చేయించాలి, అంటే సమంగా చెక్కించాలి. వంగిన దాని కింద బంగారు గాస్కెట్ పెట్టినా నిలవదు. స్టడ్లూ నట్లూ కొత్తవే వెయ్యమను, పాతవి డబ్బాలో వేసుకోవద్దు. బిగించేటప్పుడు మధ్య నుంచి రెండు చివర్లకూ, టార్క్ రెంచ్‌తో.

ఇంకొకటి, దీన్ని చాలామంది మేస్త్రీలు చెయ్యరు, మొదట్లో నేనూ చెయ్యలేదు. కింద పైపు జాయింట్లన్నీ వదులు చేసి, పైపును రబ్బర్ల మీద వేలాడదీసి, అది తన చోట తాను కూర్చున్నాకే ఇంజిన్ వైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. పైపు బరువు రబ్బర్లు మొయ్యాలి. బోల్టులు బిగించి పైపును దగ్గరికి లాక్కొస్తే ఆ లాగుడంతా గాస్కెట్ మీదా, పైన స్టడ్ల మీదా పడుతుంది. నీ మూడు గాస్కెట్ల కథలో ఇదీ ఉండొచ్చని నా లెక్క.

సైలెన్సర్ పేస్ట్ పూస్తామంటే ఒప్పుకోవద్దు. ఊరు దాటించడానికి అది చాలు.

పని అయ్యేదాకా కారును గ్యారేజీ లోపల స్టార్ట్ చెయ్యొద్దు, తలుపు తెరిచి ఉన్నా సరే. టాప్ మూసి, అద్దాలు కొంచెమే దించి తోలినా ప్రమాదమే, వెనక పొగ లోపలికి లాగొచ్చు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోటును ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల బరువుగా అనిపిస్తే నిద్ర చాల్లేదు అనుకోవద్దు, బండి ఆపి కిందికి దిగు. ఇంట్లో పెట్టే అలారం మిషన్ బ్యాటరీ కూడా ఈ రోజే చూడు. మీ అమ్మకు ఈ పేరా చదివి వినిపించలేదు.

కారు అమ్మేయమని చెబుతానేమో అనుకున్నావట, అమ్మ చెప్పింది. రెండు సీట్ల కారు ఏం చేసుకుంటుంది, సరుకులు ఎక్కడ పెడుతుంది అని మొదట నేను అన్న మాట నిజమే. తర్వాత దాని గురించి చదివా. 1989లో చికాగోలో మొదట చూపించారట, 2016కల్లా పది లక్షలు తయారయ్యాయట. లైట్లు వేస్తే పైకి లేచే ఆ కళ్ళ వీడియో నువ్వు పంపినప్పుడు మీ అమ్మ "కప్ప" అని నవ్వింది, నేను మాత్రం నాలుగైదు సార్లు చూశా. ఉంచుకో. పాత బండిని బాగుచేయిస్తూ తోలడంలో ఉన్న సుఖం నాకు తెలుసు.

నిన్న పంపిన ఇంజిన్ ఫోటోలో మేనిఫోల్డ్ చివరి నట్టు, ముందు అద్దం కింద ఇంజిన్‌కూ సీట్లకూ మధ్య ఉండే గోడ వైపుది, నాకు కనబడలేదు. నీడ వల్లనో, అక్కడ నట్టే లేదో తేల్చుకోలేకపోయా, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశా. వైపర్ల కింద నుంచి చెయ్యి దూర్చి, ఫ్లాష్ వేసి, ఆ మూల ఒక్కటే ఇంకో ఫోటో తీసి పంపు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు.

మీ నాయన