రొమ్ములో గడ్డ పరీక్ష ఫలితం ఎప్పుడొస్తుందో చెప్పండి: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యుల సముఖమునకు,

అయ్యా,

నా ఎడమ రొమ్ములో ఉన్న గడ్డ నుంచి సూదితో ముక్కలు తీసి పరీక్షకు పంపారు. ఆ పరీక్షలో ఏం తేలిందో ఈ లేఖ రాస్తున్న రోజుకు కూడా నాకు తెలియదు. ఏం తేలుతుందో ముందే చెప్పమని అడిగేంత అమాయకురాలిని కాను. ఎప్పుడు తేలుతుందో మాత్రం చెప్పమని అడుగుతున్నాను. ఈ చిన్న ప్రశ్నకు రిపోర్టుల కౌంటరు దగ్గర నుంచి సోమవారం గ్రీవెన్సు బల్ల వరకు ఎక్కడా సమాధానం దొరకనందువల్ల నలుగురి ముందూ మీకు రాయవలసి వచ్చింది.

ఇంటింటి సర్వే గురించి, గ్రామ హెల్త్ క్లినిక్ గురించి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకొక ఆసుపత్రికి రాసే రిఫరల్ చీటీల గురించి మీకు వివరించే సాహసం నేను చేయను. అవన్నీ మీరు ప్రారంభించినవో, ముందుకు నడిపిస్తున్నవో. వాటి తొలి సగం బాగా పనిచేసిందని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. మా ఊరి ఆశా కార్యకర్త మొహమాటపెట్టి క్లినిక్‌కు తీసుకువెళ్లకపోతే నేను ఆ గడ్డను పట్టించుకునేదాన్నే కాదు. క్లినిక్‌లోని అమ్మాయి చేత్తో పరీక్షించి, మొహంలో ఏ భావమూ కనబడనీయకుండా చీటీ రాసిచ్చింది. మామోగ్రాం, స్కానింగు, ఆ తర్వాత సూది పరీక్ష అన్నీ ఒకదాని వెంట ఒకటి చకచకా జరిగిపోయాయి. ట్యాబ్‌లో నా పేరు ఎదుట ఏ గడిలో ఏ టిక్కు పడాలో అన్నీ పడ్డాయి. ఆ తర్వాత నింపవలసిన గడి ఇంకేదీ లేదు కాబోలు, నన్ను అంతటితో వదిలేశారు.

అక్టోబరు వచ్చిందంటే గులాబీ రంగు రిబ్బన్ల పోస్టర్లు అతికిస్తారు కదా. ముందుగా గుర్తిస్తే నయమవుతుందని వాటి మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. మా పాఠశాల గోడ మీద కూడా ఒకటి ఉంది. ఆ మాటను మేము నమ్మాము. మా ఇబ్బంది అంతా ఆ నమ్మకంతోనే వచ్చింది. ముందుగా గుర్తిస్తే మంచిదంటే, ఒక్కొక్క రోజూ విలువైనదనే కదా అర్థం? అటువంటి రోజులను మీ ఆసుపత్రి కౌంటరులో "రేపు రండమ్మా" అంటూ ఖర్చు పెట్టేస్తుంటే, ఆ పోస్టరులోని ప్రతి అక్షరం రాత్రిళ్లు మా గుండెల మీద కూర్చుంటుంది. నిర్లక్ష్యంగా ఉండేవాళ్లకు భయం లేదు. మీ మాట విని వచ్చినవాళ్లకే ఈ శిక్ష.

స్కానింగు కాగితం గురించి కొంచెం చెప్పనివ్వండి. దాని అడుగున "బైరాడ్స్ 4" అని ఉంది. కవరులో పెట్టి చేతికిచ్చారు తప్ప, అదేమిటో ఎవరూ చెప్పలేదు. బస్సులో కూర్చుని ఫోనులో వెతుక్కున్నాను. అనుమానించవలసినది, ముక్క పరీక్ష చేయవలసినది అని దాని అర్థమట. ఆ 4లో మళ్లీ ఏ, బీ, సీ అని మూడు మెట్లున్నాయట. ఏ అయితే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి 2 నుంచి 10 వరకు, బీ అయితే 10 నుంచి 50 వరకు, సీ అయితే 50 నుంచి 95 వరకు ఉంటుందట. నా కాగితం మీద 4 మాత్రమే ఉంది, పక్కన అక్షరం లేదు. అయ్యా, నూటికి 2కు, 95కు మధ్య ఎక్కడో ఒకచోట నిలబడమని ఒక మనిషికి చెప్పి పంపించడం ఎంత పనో మీ శాఖలో ఎవరైనా ఒక్కసారి ఆలోచించారా? అక్షరం రాయడానికి ఎంత సిరా కావాలి?

ఇక రిపోర్టుల కౌంటరు. అక్కడ వరుసలో ఉన్న ఆడవాళ్లందరూ వినేటట్టు, వాళ్లతో వచ్చిన మగవాళ్లు కూడా వినేటట్టు, "రొమ్ము గడ్డల వాళ్లు ఎవరమ్మా, ఇటు పక్కకి రండి" అని ఒక ఉద్యోగి కేకవేశారు. ఎవరూ కదలలేదు. నా ముందు నిలబడ్డ ఒక ముసలావిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చేతిలోని చీటీని మడిచి జాకెట్టులో దాచుకుంది. తర్వాత మేమందరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పక్కకి జరిగాము. మాలో ఒక్కరికీ ఆ రోజు రిపోర్టు రాలేదు. ఒకసారి డాక్టరుగారు సెలవన్నారు, మరోసారి మా ముక్కలు పెట్టిన మైనపు దిమ్మెలు ఇంకో ల్యాబుకు వెళ్లాయన్నారు, ఆ పైన కంప్యూటరులో పేరు కనబడటం లేదన్నారు. వీటిలో ఏది నిజమైనా నేను అర్థం చేసుకోగలను. ముక్కలను పరీక్షించి చెప్పే పెథాలజిస్టులు చెట్లకు కాయరని నాకూ తెలుసు. అన్నీ ఒకేసారి నిజం కావడమే అర్థం కావడం లేదు. గేటు బయట నిలబడిన ప్రైవేటు ల్యాబు ఏజెంటుకు మాత్రం అంతా స్పష్టంగా తెలుసు. ఎన్ని రోజుల్లో ఇస్తాడో, ఎంత తీసుకుంటాడో తడుముకోకుండా చెప్పాడు.

ఆ భవనంలో నాకు మేలు చేసిన ఒక్క మనిషి గురించి కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. మెట్ల దగ్గర కూర్చున్న నన్ను చూసి, ఒక హౌస్ సర్జన్ అమ్మాయి ఆగి, నా ఓపీ చీటీ వెనక బొమ్మ వేసి చూపించింది. తీసిన ముక్కలను ఫార్మలిన్ ద్రావణంలో వేస్తారట, కనీసం 6 గంటలు అందులో ఉండాలట, 72 గంటలు దాటనివ్వకూడదట. తర్వాత వాటిలోని నీటిని తొలగించి మైనంలో దిమ్మెగా పోస్తారు. ఆ దిమ్మెను మిల్లీమీటరులో వెయ్యో వంతులు నాలుగైదు మందాన పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, ఊదా, గులాబీ రంగులు పట్టించి మైక్రోస్కోపు కింద చూస్తారు. అవసరమనుకుంటే క్యాన్సర్ ఏ రకమో తెలుసుకునే హార్మోను పరీక్షలు, హెర్-2 పరీక్ష అని ఇంకా కొన్ని ఉంటాయి, వాటికి మరికొన్ని రోజులు పడతాయి. "ఆలస్యమైందంటే చెడ్డదని అనుకోకండమ్మా, గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కావు, కొవ్వు గడ్డలో, నీటి తిత్తులో, ఫైబ్రోఎడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డలో అయి ఉంటాయి" అంది. సూది గుచ్చితే జబ్బు ఒళ్లంతా పాకుతుందని మా వీధిలో చెప్పుకుంటున్న మాట కూడా వట్టిదేనని చెప్పింది. అంతా కలిపి పది నిమిషాలు పట్టలేదు. ఆ రాత్రి నిద్రపోయాను. ఆమెకు ఈ పని ఎవరూ అప్పగించలేదు. అప్పగించవలసినవారు మీరు.

భయంతో ఎలా నెట్టుకొస్తున్నానో చెబితే మీకు విసుగు కలగవచ్చు, అయినా చెబుతాను. రాత్రి తొమ్మిది దాటితే ఫోను ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాను. ఎందుకంటే ఆ వేళ వెతికితే చచ్చిపోయిన వాళ్ల కథలే కనబడతాయి. పక్క మీద వాలగానే చెయ్యి దానంతటది గడ్డ దగ్గరికి పోతుంది. నిన్నటి కంటే పెరిగిందా, కదులుతోందా అని తడుముతుంది. సూది గుచ్చిన చోట కమిలి ఉండటం వల్ల ఏది గడ్డో, ఏది వాపో నాకే తెలియదు. అందుకని చేతులు రెండూ దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. పగలు పదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతాను. గణవిభజన చేసిన జవాబులైతే మనసు నిలుస్తుంది, గురువో లఘువో లెక్కపెట్టుకుంటూ పోతాను. వ్యాసాలు దిద్దడం మాత్రం నా వల్ల కావడం లేదు, పిల్లలు జీవితం గురించి రాసేస్తుంటారు. ప్రైవేటు పాఠశాల కాబట్టి ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ జీతంలో కోత తప్పదు.

మా ఆయన కువైట్‌లో డ్రైవరు. రోజూ రాత్రి ఫోను చేసి, మొదట వాన పడుతోందా అని, కొబ్బరి దింపు తీయించావా అని అడిగి, చివరికి "వచ్చిందా?" అంటారు. నేను "ఇంకా లేదండి" అంటాను. ఇద్దరికీ మరో మాట ఉండదు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము. గడ్డ సంగతి బయటికి పొక్కితే "తల్లికి ఉందట, పిల్లకీ వస్తుందేమో" అని వెనక్కి తగ్గేవాళ్లు ఉంటారని మా అత్తగారి భయం. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమేనని వైద్యులు చెబుతున్నా, పెళ్లి సంబంధాల దగ్గర ఆ లెక్కలు ఎవరు వింటారు? ఈ లేఖ కింద నా పేరు లేకపోవడానికి కారణం ఇదే. రిపోర్టు మంచిదని తేలితే ఈ దాపరికమంతా ఒక్క పూటలో తీరిపోతుంది. చెడ్డదని తేలినా ఎదురుగా నిలబడి ఏం చేయాలో చూసుకుంటాము. ఏదీ తేలక ఇంట్లో నలుగురం నాలుగు మూలల్లో నోరు మూసుకుని తిరుగుతున్నాము.

మాది వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ లంక. మాకు వరద కొత్త కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటిందన్న కబురు అందినప్పటి నుంచి, ధవళేశ్వరంలో ఎంత ఉంది, మా దగ్గరికి ఎప్పటికి చేరుతుంది అని మైకుల్లో, టీవీల్లో, రెవెన్యూ వాళ్ల నోట చెబుతూనే ఉన్నారు. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని మా బడిలో చిన్న తరగతుల పిల్లలు కూడా ఒప్పజెబుతారు. వచ్చే నీటిని ఎవరూ ఆపలేరు. ఎప్పుడొస్తుందో తెలుసు కాబట్టి ధాన్యం అటకెక్కిస్తాము, పశువులను ఏటిగట్టు మీదికి తోలుతాము, ముసలివాళ్లను పడవెక్కించి పంపిస్తాము, ఆ పనుల్లో పడి భయం కూడా కొంత సర్దుకుంటుంది. అంత పెద్ద నది కదలికను గంట గంటకూ చెప్పగలిగిన ప్రభుత్వానికి, ఒక గాజు పలక మీద ఉన్న నా చిటికెడు కండ ఎక్కడి దాకా వెళ్లిందో చెప్పడం చేతకాదంటే నమ్మడం కష్టంగా ఉంది.

పైగా సాధనాలు లేవా అంటే ఉన్నాయి. ప్రభుత్వ సేవల "మన మిత్ర" వాట్సాప్‌లో కరెంటు బిల్లు కట్టవచ్చు, ధ్రువపత్రాలు తీసుకోవచ్చు, గుడి సేవలకు టికెట్లు కూడా దొరుకుతాయి. సంతోషం. దేవుడి దర్శనం ఏ వేళకో ఫోనులోకి వస్తుంది, పెథాలజీ విభాగం దర్శనం మాత్రం ఆ ఏడుకొండలవాడికి కూడా దొరికేలా లేదు.

అర్జీ పెట్టలేదనకండి. పెట్టాను. "సంబంధిత ఆసుపత్రికి తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని రాసి, పరిష్కరించినట్లు మూసివేశారు. నా ఫోనుకు సందేశం కూడా వచ్చింది. సమస్య పరిష్కారమైనందుకు సంతృప్తి చెందారా అని అడుగుతూ మరో ఫోను కూడా వచ్చింది. ఆ పిల్లతో నేను ఏమన్నానో ఇక్కడ రాయడం నా వృత్తికి తగదు. రెండో అర్జీకి కూడా అదే వాక్యం వచ్చింది, అక్షరం మారలేదు.

అంతగా ఆందోళనగా ఉంటే మనసు బాగోలేనివాళ్లతో ఫోనులో మాట్లాడే ప్రభుత్వ సేవ టెలి మానస్‌కు చేయండమ్మా అని 14416 నంబరు రాసిచ్చినవారు కూడా ఉన్నారు. చేశాను. అటు మాట్లాడిన ఆవిడ తెలుగులో, ఓపికగా, నన్ను తొందరపెట్టకుండా విన్నారు. దిగులు పడటానికి సాయంత్రం ఒక అరగంట కేటాయించుకోమని, మిగతా వేళల్లో వచ్చిన ఆలోచనను కాగితం మీద రాసి ఆ అరగంటకు వాయిదా వేయమని, డాక్టరును అడగవలసిన ప్రశ్నలు వేరే రాసిపెట్టుకోమని చెప్పారు. కొంత ఉపయోగపడింది, కాదనను. ఆవిడకు నా నమస్కారాలు. అయితే నా కాగితం మీద రోజూ మొదటి ప్రశ్న ఒక్కటే ఉంటోంది, దానికి జవాబు ఆవిడ దగ్గర లేదు. మీరు కలిగిస్తున్న భయానికి మందు మీరే మరో నంబరులో ఇవ్వడం ఏమి ఏర్పాటు?

అందువల్ల అయ్యా, నా విన్నపం ఇది. ముక్క తీసిన రోజునే చీటీ మీద ఫలితం వచ్చే తేదీ రాయించండి. ఆ తేదీకి కాకపోతే ఎందుకు కాలేదో, మళ్లీ ఎప్పుడో ఫోను చేసి చెప్పే ఒక నర్సమ్మను పెట్టండి. అడగడానికి ఒక నంబరు ఇవ్వండి, ఎత్తే నంబరు. రిపోర్టును వరండాలో కేకవేసి చేతిలో పెట్టకుండా, మంచిదైనా చెడ్డదైనా ఒక గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, తోడు వచ్చినవాళ్ల ఎదుట, తెలుగులో చెప్పించండి. దూరపు లంకల నుంచి రెండు మూడు బస్సులు మారి వచ్చేవాళ్లను రిపోర్టు సిద్ధమయ్యాకే పిలిపించండి. తేదీ రాయించండి. ఇవి చేయడానికి బడ్జెట్టు కావాలంటారా, అదైనా చెప్పండి, ఎప్పుడు మంజూరవుతుందో కూడా చెప్పండి.

ఈ గురువారం మళ్లీ కౌంటరు దగ్గరికి వెళుతున్నాను. నా పేరు, ల్యాబు నంబరు పరిష్కారమైపోయిన నా రెండు అర్జీల్లోనూ ఉన్నాయి, మీ కార్యాలయం వెతికించదలచుకుంటే కష్టం కాదు. నాది ఒక్కదానిదే వెతికించి పంపి మిగతావాళ్లను అక్కడే నిలబెడతారేమోనని కూడా ఒక అనుమానం ఉంది. ఆ వరుసలో ఆ రోజు ఉన్న అందరివీ, కొంగు కప్పుకున్న ఆ పెద్దావిడది ముందుగా, వెతికించండి.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
గోదావరి డెల్టా లంక గ్రామం.