మంత్రి గారూ, ఆ తోడు మనిషికి జీతమెవరిస్తారు?

తమిళనాడు గిరిజన సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. అత్యాచార ఫిర్యాదు ఇచ్చిన గిరిజన స్త్రీ వెంట ఆసుపత్రికీ కోర్టుకీ తిరిగే తోడు మనిషికి మీ శాఖ జీతం ఇవ్వాలని అడగడానికే ఈ ఉత్తరం. దీని తమిళ ప్రతి మీ కార్యాలయానికి పోస్టులో పంపాను. సరిహద్దు ఊరు గుమ్మిడిపూండి దాటితే అటు ఆంధ్రలో యానాదులు, ఇటు తమిళనాడులో ఇరులర్లు, ఇద్దరూ గిరిజనులే. రెండు వైపులా చదవాలని తెలుగులోనూ రాస్తున్నాను.

చెన్నైలో ఉంటూ తిరువళ్లూరు ఇటుక బట్టీల కుటుంబాల మధ్య తిరుగుతుంటాను. అత్యాచారం జరిగిందని ఫిర్యాదు ఇచ్చిన ఆడమనిషి ఆసుపత్రిలో ఎలా ఉంటుందో తమరు చూశారో లేదో. ఒంటి మీది బట్టలు తీయించి, వేటికవి కాగితపు కవర్లలో పెట్టి సీలు వేస్తారు. సాక్ష్యం కదా, తప్పదు. మరి ఆమె ఏం కట్టుకుని బయటికి రావాలి? ఎవరో అక్క ఇచ్చిన నైటీ. ఆ నైటీ ఖర్చు ఎవరూ ఇవ్వగా నేను చూడలేదు.

పరిహారం లేదని నేననను. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం నిబంధనల్లో 2016 సవరణ ప్రకారం అత్యాచార బాధితురాలికి 5 లక్షలు. వైద్య నివేదిక ధ్రువీకరించాక సగం, చార్జిషీటు కోర్టుకెళ్లాక పావు, కింది కోర్టులో విచారణ ముగిశాక మిగతా పావు. అసలు ఎస్టీ అని ఆర్డీవో ఇచ్చే సర్టిఫికెట్టే లేని ఇరులర్ కుటుంబం ఈ వరసలో ఎక్కడ నిలబడాలి? నిందితుడు అడ్వాన్సు ఇచ్చిన బట్టీ యజమానే అయితే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? బాధిత స్త్రీలకు ఆశ్రయమిచ్చే సఖి కేంద్రాలేమో ఎక్కువగా జిల్లా కేంద్రాల్లోనే ఉన్నాయి.

1992 జూన్‌లో ధర్మపురి జిల్లా వాచాతిలో సోదాలకని వచ్చిన ప్రభుత్వ సిబ్బంది 18 మంది స్త్రీలపై అత్యాచారం చేశారు. తలా 10 లక్షలు ఇవ్వాలని మద్రాసు హైకోర్టు చెప్పింది 2023లో. అన్నేళ్లూ వాళ్ల వెంట కోర్టుల చుట్టూ తిరిగింది గిరిజన సంఘం, వామపక్ష కార్యకర్తలు. ఏ శాఖా కాదు. మా ఆంధ్రలోనూ అంతే. 2007 నాటి వాకపల్లి కేసులో 11 మంది కోందు గిరిజన స్త్రీలు ఆరోపించిన పోలీసులను 2023లో విశాఖ ప్రత్యేక కోర్టు వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదంటూనే, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది.

కొత్త చట్టం అడగడం లేదు. అట్రాసిటీ చట్టం 1995 నిబంధనల్లోని 11వ నియమమే చదవండి: బస్సు చార్జీ, పోయిన కూలి, బాధితురాలు తనకు నచ్చిన మనిషిని వెంట తెచ్చుకుంటే ఆ మనిషి ఖర్చు కూడా మూడు రోజుల్లోపు ఇవ్వాలి. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో! మేం తిరిగే చోట మాత్రం ఆ డబ్బు చేతికందిన వాళ్లు నాకు తగల్లేదు.

ఒక్కో రెవెన్యూ డివిజన్‌కు ఒక మహిళను నెల జీతం మీద పెట్టండి. గౌరవ వేతనమని చెప్పి చిల్లర చేతిలో పెట్టొద్దు. ఆసుపత్రి, స్టేషన్, ఆర్డీవో ఆఫీసు, కోర్టు, అన్నిటికీ ఆమె బాధితురాలి వెంట ఉండాలి. బట్టలకు, ఆటోకు, మొదటి వారం తిండికి, ఎవరి సంతకం కోసమూ ఆగకుండా ఖర్చు పెట్టుకునే నగదు ఆమె చేతిలో ఉండాలి. వచ్చే బడ్జెట్‌లో మీ శాఖ కింద ఈ ఖర్చు విడి పద్దుగా కనిపించాలి.

ఈ పనికి మనుషులు దొరకరని అధికారులు చెబితే నమ్మకండి. ఇరులర్ కాలనీల్లోనే పుట్టి, ప్లస్ టూ దాటిన ఆడపిల్లలు ఉన్నారు. తమరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు సచివాలయానికి తీసుకొస్తాం.

ఇట్లు,
మాధవరం నుంచి ఒక కార్యకర్త