పీకకండి, కింది జానెడు మార్చండి

సంపాదకులకు,

వరంగల్, హనుమకొండ పాత వాడల్లో ఇల్లు మరమ్మతుకు పెట్టారంటే ముందుగా వీధిలోకి వచ్చేవి టేకు కిటికీలే. మట్టెవాడ, గిర్మాజీపేటల్లోనూ, అటు మంథని, జగిత్యాల, మెట్‌పల్లి పాత ఇళ్లలోనూ ఇదే వరస. రెక్క మూల మెత్తబడింది, గొళ్లెం పడటం లేదు, వానకు నీళ్లు లోపలికి కారుతున్నాయి అంటూ చౌకట్టుతో సహా పీకించి అల్యూమినియమో యూపీవీసీ ప్లాస్టిక్కో పెట్టిస్తున్నారు. ఈ మూడు బాధలకూ మందు ఉంది. అలాంటి కిటికీల్లో చాలావరకు చెడిపోయేది కింది జానెడే. ఆ పైనున్నది చేవ తేలిన, అంటే మాను నడిమి గట్టి చెక్కతో చేసిన టేకు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే తోట టేకు చిన్న వయసులోనే నరికింది కాబట్టి అందులో తెల్లచెక్క ఎక్కువ, చేవ తక్కువ. కుళ్లునూ చెదలనూ ఆపేది చేవ మాత్రమే.

కింది జానెడే ఎందుకు చెడుతుంది? చెక్క పక్కల నుంచి నీళ్లు తాగేది కొద్దిగానే, కోసిన తల నుంచి మాత్రం గొట్టంతో పీల్చినట్టు పీలుస్తుంది. రెక్క నిలువు పట్టెల కింది తలలు, చౌకట్టు కాళ్ల కింది తలలు ఈ అడుగునే ఉంటాయి. చెక్కలో తేమ 20 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే బూజు జాతి కుళ్లు పడుతుంది. తడిసినా వెంటనే ఆరిపోయే చెక్క వందేళ్లైనా చెక్కుచెదరదు. కాబట్టి తడవడం కన్నా తడి ఆరకపోవడమే పెద్ద జబ్బు. ఈ మధ్య ఆ జబ్బును మనమే తెచ్చిపెడుతున్నాం. కిటికీ కింద గ్రానైట్ పలక పరిచి, అది చౌకట్టు కింది పట్టెకు అంగుళం పైకి వచ్చేట్టు సిమెంటుతో మెత్తుతున్నారు. వాన నీరు ఆ సందులోకి దిగుతుంది, బయటికి పోయే దారి ఉండదు. పాత గోడల డంగు సున్నం తడిని పీల్చి మళ్లీ బయటికి వదిలేది. సిమెంటు అలా వదలదు. పలక వేయించుకోవాలనుకుంటే చెక్క కన్నా కనీసం అర అంగుళం కిందికి, బయటివైపు వాలుగా వేయించండి. పలక ముందు అంచు అడుగున చిన్న గాడి కొట్టిస్తే నీటిచుక్క గోడ వైపు పాకకుండా అక్కడే తెగి పడుతుంది.

మరమ్మతుకు ముందు చేతిలో ఉండాల్సింది దబ్బనం. రంగు బాగానే కనబడుతున్నా సరే, అడుగు పట్టె వెంబడి, మూలల్లో, చువ్వల మొదళ్ల దగ్గర బెత్తెడు దూరానికొకసారి గుచ్చి చూడాలి. గట్టి టేకులో మొన మాత్రమే దిగుతుంది. రెండు సూతులకు (సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) మించి మెత్తగా దిగిందంటే అక్కడ కుళ్లు ఉన్నట్టు. దిగిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టుకుంటూ పోతే ఎంత మార్చాలో, ఎంత ఉంచాలో పావుగంటలో తేలిపోతుంది. కాంట్రాక్టరు కొటేషన్ రాసే ముందు ఇంటివాళ్లే ఈ పని చేసుకోవచ్చు.

రంగు గీకే దగ్గర జాగ్రత్త అవసరం. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్ పొరల్లో సీసం ఉందనే అనుకోవాలి. దాన్ని పొడిగా గరుకు కాగితంతో రుద్దకూడదు, మంటతో కాల్చకూడదు. ఆ దుమ్మూ పొగా పసిపిల్లల మెదడుకు చేటు. నీళ్లు చిలకరిస్తూ గీకాలి, కింద ప్లాస్టిక్ పట్టా పరవాలి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవాలి, పనయ్యేదాకా పిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు. కాస్టిక్ సోడా తొట్టిలో రెక్కలు ముంచే పద్ధతి వద్దే వద్దు. రంగుతో పాటు కీళ్లలోని జిగురు కూడా కరిగిపోతుంది, టేకు నల్లబడుతుంది.

రెక్క విప్పేటప్పుడు బందుల స్క్రూలు కదలకపోతే బలవంతం చేయకండి. ముందు పాత హాక్సా బ్లేడు మొనతో స్క్రూ తల గాడిలోని రంగు తీసేయాలి. స్క్రూడ్రైవరు పెట్టి సుత్తెతో రెండు దెబ్బలు వేసి, మొదట ఒక వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి, తర్వాత వదులు వైపు తిప్పాలి. అప్పటికీ రాకపోతే సోల్డరింగ్ ఐరన్ తలమీద రెండు నిమిషాలు ఆనిస్తే పట్టు వదులుతుంది. ఏ రెక్క ఏ కిటికీదో చౌకట్టు మీదా రెక్క అంచు మీదా ఒకే అంకె చెక్కుకోవాలి. పాత ఇళ్లలో ఏ రెండు కిటికీలూ ఒక కొలత ఉండవు.

ఇక అసలు పని, కుళ్లిన ముక్క మార్చడం. మెత్తబడిన చోటు దాటి ఇంకో రెండంగుళాలు గట్టి చెక్కలోకి పోయి కోయాలి. కుళ్లు పోగులు కంటికి కనబడేదాని కన్నా ముందుకు పాకి ఉంటాయి. కోత అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఉండాలి. ఒకటిన్నర అంగుళం మందం పట్టెకు ఏటవాలు ఆరంగుళాల పొడుగు రావాలి, అప్పుడే జిగురుకు చాలినంత పట్టు దొరుకుతుంది. కోత గీత బయటి ముఖం మీద కిందికి, లోపలి ముఖం మీద పైకి ఉండేట్టు గీసుకోవాలి. తిరగేసి కోస్తే అతుకే వాన నీటిని లోపలికి నడిపిస్తుంది. అతికే ముక్క నార పాత చెక్క నార వెంటే సాగాలి. కొత్త కలపైతే తేమ 12 శాతం లోపుండాలి, పచ్చి ముక్క పెడితే ఎండాకాలం 45 డిగ్రీల వేడికి అతుకు నోరు తెరుస్తుంది. కూల్చిన ఇళ్ల టేకు అన్నిటికన్నా మంచిది, కానీ రందా పట్టే ముందు దాచిన మేకులన్నీ వెతికి తీయాలి.

టేకులో సహజంగా నూనె ఉంటుంది. జిగురు పట్టకపోవడానికి అదే కారణం. అతికే రెండు ముఖాలనూ అసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరగానే, అంటే పావుగంట లోపే జిగురు రాయాలి. ఆలస్యమైతే నూనె మళ్లీ పైకి తేలుతుంది. మామూలు తెల్ల జిగురు తడికి మెత్తబడుతుంది కాబట్టి నీటికి తట్టుకునే రకమో ఎపాక్సీయో వాడాలి. ఒక రోజంతా క్లాంపుల్లో ఉంచాలి. కుళ్లిన గుంతను ఎపాక్సీ ముద్దతో పూడ్చి రంగేసే షార్ట్‌కట్ చాలాచోట్ల చూస్తున్నాం. చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, ముద్ద ఆ రెండూ చేయదు. ఒకటి రెండేళ్లకు అంచు వెంబడి వెంట్రుకంత పగులు వస్తుంది, నీరు అందులోంచి దిగి ముద్ద వెనక చెక్కను తినేస్తుంది. మేకు చిల్లుల వంటి చిన్నవాటికే అది పనికొస్తుంది.

రెక్క వంగి గొళ్లెం అందడం లేదంటే ముందు బందులు చూడాలి. స్క్రూ చిల్లు వదులైతే అగ్గిపుల్లలు దూర్చడం కాదు, చిల్లును శుభ్రంగా పెద్దది చేసి టేకు సీల జిగురుతో కొట్టి, ఆరాక సన్న బర్మాతో దారి పెట్టి స్క్రూ ఎక్కించాలి. ఇత్తడి స్క్రూ నేరుగా తిప్పితే మెడ విరుగుతుంది. అదే సైజు ఇనుప స్క్రూ ఒకసారి ఎక్కించి తీసేసి, తర్వాత ఇత్తడిదానికి సబ్బు రాసి తిప్పితే నల్లేరు మీద బండి నడకే. బందులు బాగుండి కూడా రెక్క వాలుతుంటే మూల కీలు వదిలినట్టు. రెండు మూలల మధ్య ఐమూలగా కొలవండి, రెండు కొలతలూ ఒకటి కావాలి. తేడా ఉంటే కీలు విప్పి పాత జిగురు గీకి, మళ్లీ జిగురు పెట్టి బిగించి, మూలమట్టం చూసి, రెండు సూతుల లావు వెదురు సీలలు దిగ్గొట్టాలి. నాలుకలోని, అంటే రెండో పట్టె గాడిలోకి దూరే కొనలోని చిల్లు ఆ పట్టె చిల్లు కన్నా అర సూతు భుజం వైపు, అంటే నాలుక మొదలు వైపు జరిపి వేస్తే సీల దిగుతున్నకొద్దీ కీలును తానే లాగి బిగిస్తుంది. మూల మీద ఇనుప ఎల్ పట్టీ వేయడం మరమ్మతు కాదు. పట్టీ వెనక నీరు నిలిచి, స్క్రూలు తుప్పు పట్టి, కీలు ఇంకా తొందరగా పోతుంది.

వానాకాలంలో రెక్క బిగుసుకుందని అప్పుడే రందా పట్టించడం ఇంకో తప్పు. ఎండాకాలానికి అదే చోట వేలు దూరే సందు వస్తుంది. వానల్లో ఎక్కడ రాసుకుంటుందో గీత పెట్టి ఉంచి, దీపావళి తర్వాత పని పెట్టుకోవాలి. అప్పుడైనా ముందు అంచున పేరుకున్న రంగు పొరలు తీసి చూడండి. ఏళ్ల తరబడి వేసిన ఎనామిలే రెక్కను బిగించి ఉండవచ్చు, చెక్క జోలికి పోవాల్సిన అవసరమే రాకపోవచ్చు. అసలు కిటికీ పనులన్నిటికీ కార్తీకం నుంచి శివరాత్రి దాకా అనువైన కాలం.

అద్దాల సంగతి. పాత అద్దంలో కనబడే అలలు, బుడగలు లోపం కావు, చేత్తో తయారైన కాలపు గుర్తులు. పై భాగంలో ఎరుపు, నీలం, ఆకుపచ్చ అద్దాలుంటే పగలకుండా తీయడమే పెద్ద పని. అద్దాన్ని గాడిలో పట్టి ఉంచే గట్టిపడ్డ లప్పాన్ని ఉలితో కొట్టకుండా, రంగు తీసే మందు పూసి మెత్తబడ్డాక గీకాలి. కొత్త లప్పం ఇంట్లోనే కలుపుకోవచ్చు: కిలో మెత్తటి సుద్దపొడికి సుమారు 200 గ్రాముల అవిసె నూనె. రొట్టె పిండి కన్నా కాస్త గట్టిగా పిసికి, గాలి తగలకుండా ఒక రాత్రి ఉంచాలి. పెట్టే ముందు గాడికి ఒక పూత ప్రైమర్ తప్పనిసరి. ఎండు చెక్క లప్పంలోని నూనెను పీల్చేస్తే మిగిలిన సుద్ద పొడి పొడిగా రాలుతుంది. అద్దం గాడి కన్నా పొడుగూ వెడల్పూ ఒక్కో సూతు తక్కువ కోయించాలి. గాడిలో పలుచగా లప్పం పరిచి, అద్దం అంచుల మీద మాత్రమే నొక్కి, జానెడుకొక తలలేని సన్న మేకు కొట్టి, పైన ఏటవాలుగా లప్పం దిద్దాలి. వారం పది రోజుల్లో పైన పొర కడుతుంది. ఆ తర్వాత వేసే రంగు అద్దం మీదికి అర సూతు ఎక్కాలి, నీటికి తలుపు మూసేది ఆ సన్న గీతే. గోడలకు పెట్టే లప్పం, పీవోపీ ఇక్కడ పనికిరావు.

చువ్వల మొదళ్ల తుప్పు చెక్కను లోపలి నుంచి చీలుస్తుంది, ఎందుకంటే తుప్పు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు అడుగుతుంది. మెరిసేదాకా గీకి, తుప్పు ఆపే రెడాక్సైడ్ ప్రైమర్ పూసి, చువ్వ చెక్కలోకి దిగే చోట చుట్టూ లప్పం కట్టాలి.

చెదలు ఉంటే గోడ వైపు మట్టి దారి ఎక్కడ మొదలైందో ముందు చూడాలి. దారి తెంపకుండా చెక్కకు మందు కొట్టడం వృథా. పట్టె విప్పినప్పుడు తలలకు లీటరు వేడినీళ్లలో 60 గ్రాముల వెలిగారం, 40 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి రెండు మూడుసార్లు తాగించవచ్చు. ఇది నీటికి కొట్టుకుపోయే మందు, పూర్తిగా ఆరాక పైన రంగు వేయాల్సిందే.

ఇంగ్లండు ఇళ్లలో ఉండే పైకీ కిందికీ జరిగే అద్దాల కిటికీలు మన దగ్గర అరుదు. ఎక్కడైనా ఉంటే గుర్తుంచుకోవాల్సింది తూకం. చౌకట్టు పక్క పెట్టెల్లో దాగి తాళ్లకు వేలాడే రెండు బరువులూ కలిపి రెక్క బరువుకు సమానం కావాలి. పై రెక్కకు పిసరంత ఎక్కువ ఉంటే అది పైనే నిలుస్తుంది, కింది రెక్కకు పిసరంత తక్కువ ఉంటే కిందికి కూర్చుంటుంది. కొత్త అద్దం మందం పెరిగితే బరువులూ పెరగాలి. తాడు నూలుదే వాడాలి, సాగే నైలాను వద్దు.

చివరి పూతల్లో అందరూ మరిచేది రెక్క అడుగు అంచు. కింద చిన్న అద్దం పెట్టి చూడండి, ఎప్పుడూ రంగు చూడని పచ్చి చెక్క కనబడుతుంది. రెక్క బిగించకముందే అక్కడ రెండు పూతల ప్రైమర్, తర్వాత మిగతా రెక్కతో పాటు రెండు పూతల ఎనామిల్ పడాలి. రంగు బదులు అవిసె నూనె పట్టించేవారు మొదటి పూతకు సగం టర్పెంటైన్ కలపాలి. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, ఆరుబయట విడివిడిగా ఆరవేయాలి.

ఈ పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి, ప్లైవుడ్ కోత తప్ప కీలు విప్పడం నేర్పే చోటు కరువైంది. 2023 సెప్టెంబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులున్నారు, పనిముట్లకు 15 వేల రూపాయల దాకా, రోజుకు 500 భత్యంతో శిక్షణ కూడా ఉంది. మన జిల్లాల్లో ఆ శిక్షణలోనూ, ఐటీఐల కార్పెంటర్ ట్రేడులోనూ ఒక పాత కిటికీ విప్పి, అతికి, మళ్లీ బిగించే పాఠం పెట్టాలని అధికారులను కోరుతున్నాం. పాత బడులు, కార్యాలయాల మరమ్మతుకు అంచనాలు రాసే ఇంజనీర్లు కూడా ‘తీసి కొత్తవి’ అని రాసే ముందు ఒకసారి దబ్బనం గుచ్చి చూడాలి. నిజంగా తీయక తప్పని కిటికీ ఉంటే దాన్ని పొయ్యిలోకి పంపకండి. దాని పై పట్టెలు పక్కింటి కిటికీ కింది జానెడుకు సరిపోతాయి.

ఇట్లు,
కొందరు వడ్రంగి పనివారం,
హనుమకొండ