అలారం రిమోట్ ఫిక్స్‌డా, రోలింగా?

సంపాదకుల వారికి,

సంక్రాంతికి ఊళ్లకు వెళ్తూ విశాఖలోని ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో, మధురవాడలో ఎంతోమంది అలారం ఆన్ చేసి నిశ్చింతగా బయల్దేరతారు. ఆ అలారాన్ని ఆపే రిమోట్ ఎలాంటిదో మాత్రం కొనేటప్పుడు అడగరు.

చవక సెట్లలో తరచూ కనిపించేది ఫిక్స్‌డ్ కోడ్. ఎన్నిసార్లు నొక్కినా, సాధారణంగా 433.92 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం మీద, అదే కోడ్ వెళ్తుంది. దాన్ని ఒక్కసారి పట్టినవాడు మళ్లీ పంపి అలారం ఆపేయగలడు. రోలింగ్ కోడ్‌లో ఆ పప్పులుడకవు. రిమోట్‌ను ప్యానెల్‌తో, అంటే అలారం పెట్టెతో, జత చేసేటప్పుడు రిమోట్ సీరియల్ నంబరును బట్టి ప్యానెలే కోడ్‌లను గుర్తుపట్టే రహస్య కీ కట్టుకుంటుంది. ఆ కీ గాలిలోకి రాదు. నొక్కిన ప్రతిసారీ రిమోట్‌లోని లెక్క (కౌంటర్) ఒకటి పెరిగి కొత్త కోడ్ వెళ్తుంది, వాడేసిన కోడ్‌ను ప్యానెల్ పట్టించుకోదు.

రిమోట్ విప్పి చిప్ చూడండి. పీటీ2262, ఈవీ1527 అని ఉంటే ఫిక్స్‌డ్. హెచ్‌సీఎస్301 అయితే రోలింగ్. అక్షరాలు గీకేసి ఉంటే, బజారులో దొరికే కాపీ రిమోట్‌కు నేర్పించి చూడండి. దానితో అలారం ఆగిందా, ఆ సెట్‌ను నమ్మొద్దు.

జత చేసేటప్పుడు ప్యానెల్‌కు మీటరు దూరంలో నిలబడండి. మరీ ఆనించి నొక్కితే రిసీవర్ సరిగా అందుకోదు. ప్యానెల్ మీది లెర్న్ బటన్ నొక్కి, లైటు వెలిగాక రిమోట్ నొక్కాలి. కొన్నింటికి రెండుసార్లు. తర్వాత ప్యానెల్‌లో ఎన్ని రిమోట్లు నమోదయ్యాయో లెక్కపెట్టండి. అపార్ట్‌మెంట్లలో అదే క్షణాన పక్కింటివాళ్లు నొక్కితే వాళ్ల రిమోట్ కూడా ఎక్కేస్తుంది. టెక్నీషియన్ వెళ్లగానే 1234 లాంటి ఇన్‌స్టాలర్ పిన్ (ప్యానెల్ సెట్టింగులు తెరిచే నంబరు) మార్చేయాలి.

రిమోట్ పోతే కొత్తది చేర్చడంతో సరిపోదు. పాతది చెరిపేదాకా అది పనిచేస్తూనే ఉంటుంది. విడిగా చెరిపే వీలు లేకపోతే అన్నీ చెరిపి, చేతిలో ఉన్నవి మళ్లీ నేర్పించాలి.

పిల్లలు ఆడుకుంటూ దూరంగా పదేపదే నొక్కితే రోలింగ్ రిమోట్ లెక్క తప్పుతుంది. హెచ్‌సీఎస్301 రకంలో సాధారణంగా 16 కోడ్ల దాకా ప్యానెల్ సర్దుకుంటుంది, అది దాటితే వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి. చెడిపోయిందనుకుని ఫిక్స్‌డ్ రిమోట్ తగిలించుకోవద్దు. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో అయితే ముందు రిమోట్‌లో బ్యాటరీ ఆనే లోహపు రేకులు చూడండి. ఉప్పుగాలికి పచ్చటి చిలుము పట్టి రేంజి పడిపోతుంది.

అమ్మేవాళ్లు ఫిక్స్‌డా, రోలింగా అన్నది బిల్లు మీద రాసివ్వాలి. రాయనంటే ఆ సెట్ కొనకండి.

– అలారం టెక్నీషియన్లు, విశాఖపట్నం